"టీచర్లు కావలెను" అని వేస్తే ఫోన్లు వస్తున్నాయి, టీచర్లు రావడం లేదు. ప్రకటన ఎలా రాయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. గుంటూరు గోరంట్ల వైపు మీ బడి, నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి వరకు, సీబీఎస్ఈ సిలబస్. మార్చిలో పేపర్లో "ప్రముఖ ఇంగ్లిష్ మీడియం స్కూలుకు అన్ని సబ్జెక్టులలో అనుభవజ్ఞులైన టీచర్లు కావలెను. ఆకర్షణీయమైన జీతం. వెంటనే సంప్రదించండి" అని వేయించారు. రెండు రోజులు ఫోన్ మోగుతూనే ఉంది. డెమోకి, అంటే పాఠం చెప్పి చూపించడానికి, వచ్చింది పదిమంది లోపే. చేర్చుకున్నవాళ్ళలో ఇద్దరు జూన్ జీతం తీసుకుని మానేశారు. లోపం ప్రకటనలో ఉందా, లేక మన ఊళ్ళో టీచర్లే లేరా అని అడిగారు.

టీచర్లు ఉన్నారు. లోపం ప్రకటనలోనే ఉంది. జీతం ఎంత, ఏ తరగతులకు ఎన్ని పీరియడ్లు, సాయంత్రం ఎన్నింటికి ఇంటికి వెళ్ళొచ్చు, బడి సరిగ్గా ఎక్కడ ఉంది. ఈ నాలుగింటిలో ఒక్కటీ మీ ప్రకటనలో లేదు. ఇవి రాస్తే ఫోన్లు బాగా తగ్గుతాయి, ఆ సంగతి ముందే చెబుతున్నాను. కానీ వచ్చే ఫోన్లలో చేరే ఉద్దేశం ఉన్నవాళ్ళు ఎక్కువ ఉంటారు.

నేను విజయవాడలో టీచర్‌గా మొదలుపెట్టి ప్రిన్సిపాల్‌గా చాలా ఏళ్ళు చేశాను. ఇప్పుడు కానూరు, పోరంకి, మంగళగిరి వైపు కొన్ని చిన్న బళ్ళకు నియామకాల పని చూసిపెడుతున్నాను. కాబట్టి ఇదంతా చిన్న, మధ్యస్థ బళ్ళ అనుభవం. వంద బ్రాంచీలున్న సంస్థకు ఇందులో సగం పనికిరాదు. వాళ్ళకు పేరే ప్రకటన.

ప్రకటన ఎవరు చదువుతారో ముందు ఆలోచించండి. మీకు కావలసిన మ్యాథ్స్ టీచరు ఇప్పుడు ఖాళీగా లేరు. బ్రాడీపేటలోనో విద్యానగర్‌లోనో ఇంకో బడిలో పని చేస్తున్నారు. రాత్రి వంట అయ్యాక వాట్సాప్‌లో మీ ప్రకటన చూస్తారు, భర్తకు చూపిస్తారు. "ఎంతిస్తారట? ఎక్కడట? ఎన్నింటికి వస్తావు? అప్పటిదాకా బాబుని ఎవరు చూస్తారు?" అని ఇంట్లో నాలుగు ప్రశ్నలు పుడతాయి. ప్రకటనలో సమాధానం దొరక్కపోతే "ఎందుకులే, ఉన్నచోట ఉండు" అంటారు. మాట అక్కడితో అయిపోయింది. ఆ టీచరు జీతం ఎంతో కనుక్కోవడానికి ఒకపూట సెలవు పెట్టి, ఆటో ఎక్కి, మీ ఆఫీసు బయట కుర్చీలో కూర్చోరు. ఖాళీగా ఉన్నవాళ్ళు, ఏ ఉద్యోగమైనా ఫర్వాలేదనుకునేవాళ్ళు మాత్రం వెంటనే ఫోన్ చేస్తారు. మీకు రెండు రోజులు వచ్చిన ఫోన్లు ఎక్కువ అవే. వాళ్ళలో మంచివాళ్ళు ఉండరని కాదు, కానీ మీరు వెతుకుతున్న మనిషి ఆ వరుసలో లేరు.

మీ ప్రకటనలోని మాటలే తీసుకుందాం. "ప్రముఖ స్కూలు" అని రాసి పేరు రాయలేదు. ఉన్న టీచర్లకు తెలియకూడదని చాలామంది యజమానులు పేరు దాస్తారు. చదివేవాళ్ళకు మాత్రం వేరే అనుమానం వస్తుంది, ఇది తరచూ మనుషులు మానేసే బడి అయి ఉంటుందని. "అన్ని సబ్జెక్టులకు" అన్న మాటతో ఆ అనుమానం బలపడుతుంది. స్టాఫ్ మొత్తం ఒకేసారి వెళ్ళిపోతే తప్ప అన్ని సబ్జెక్టులకూ ఎందుకు కావాలి? మీకు నిజంగా కావలసింది మ్యాథ్స్, హిందీ, ఒక ప్రైమరీ టీచరు అని మీ ప్రశ్న కింద మీరే రాశారు. ఆ మూడే రాయాల్సింది, అదీ మూడు వేర్వేరు ప్రకటనలుగా.

ఇక జీతం. దీని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ప్రతి యజమానితో నాకు ఇక్కడే వాదన.

"ఆకర్షణీయమైన జీతం", "అర్హతను బట్టి జీతం", "జీతం సమస్య కాదు". ఈ మూడు మాటలకూ మన దగ్గర టీచర్లు చెప్పుకునే అర్థం ఒకటే, తక్కువ ఇస్తారని. పెళ్ళి సంబంధం చెబుతూ అబ్బాయి ఏం చేస్తాడో రెండో చూపులప్పుడు చెబుతాం అన్నట్టుంటుంది. అందుకే ఒక పరిధి రాయండి: నెలకు ఇంత నుంచి ఇంత వరకు, దేన్నిబట్టి. పరిధి మరీ వెడల్పుగా ఉండకూడదు. 15 వేల నుంచి 40 వేలు అని రాస్తే ఏమీ రాయనట్టే. కింది అంకె, పై అంకె మధ్య ఐదారు వేలకు మించి తేడా లేకుండా చూసుకోండి. పై అంకె ఎవరికైనా నిజంగా ఇవ్వగలిగిందై ఉండాలి.

యజమానులు దీనికి చెప్పే మొదటి అభ్యంతరం, "ఉన్న టీచర్లు చూస్తే గొడవ". నిజమే, చూస్తారు. కానీ కొత్తగా చేరిన మనిషి జీతం స్టాఫ్‌రూమ్‌లో వారం తిరక్కుండా తెలిసిపోతుంది, ప్రకటనలో ఉన్నా లేకపోయినా. ఐదేళ్ళుగా ఉన్నావిడ కంటే కొత్తావిడకు ఎక్కువ ఇస్తుంటే, ఆ లెక్క ముందు సరిచేసుకోవాలి. పోరంకి వైపు ఒక బడిలో ఇదే జరిగింది. ప్రకటన రాయడానికి కూర్చుని, పాతవాళ్ళ జీతాలు చూసి, ముందు వాళ్ళలో కొందరికి పెంచారు. తర్వాతే ప్రకటన బయటికి వెళ్ళింది. ఆ యజమానికి అది ఖర్చే, కాదనను. కానీ ఆ వేసవిలో అక్కడ పాతవాళ్ళు ఎవరూ మానలేదు, దానితో ఇంకో రెండు ప్రకటనల అవసరం తప్పింది.

రెండో అభ్యంతరం, "పక్క బడివాళ్ళు వెయ్యి ఎక్కువ ఇస్తామంటారు". అననివ్వండి. వెయ్యి రూపాయల కోసం వెళ్ళేవాళ్ళు ఎలాగూ వెళతారు.

మూడోది అసలు కష్టమైనది: "మేం ఇచ్చేది తక్కువ, రాస్తే ఎవరూ రారు". అప్పుడు జీతం దాచడం కాదు చేయాల్సింది, జీతం కాక మీ దగ్గర ఏముందో వెతకాలి. కానూరు, ఎనికెపాడు, నిడమానూరు వైపు పెద్ద క్యాంపస్‌లు చాలా ఉన్నాయి. అక్కడ జీతం మంచిదే, కానీ స్టడీ అవర్స్ పేరుతో సాయంత్రం ఆరు, ఏడు దాకా ఉంచే చోట్లు తక్కువేమీ కాదు. ఆ పక్కనే ఉన్న ఒక చిన్న బడికి నేను రాసిన ప్రకటనలో మొదటి వాక్యమే "సాయంత్రం 4 తర్వాత ఎవరినీ ఉంచం" అని పెట్టాం. జీతం వాళ్ళకన్నా తక్కువే రాశాం, దాచలేదు. చిన్నపిల్లలున్న తల్లులు, అనుభవం ఉన్నవాళ్ళు, వరసగా ఫోన్ చేశారు. వాళ్ళు తక్కువ జీతానికి ఒప్పుకున్నారు అనడం సరికాదు. రోజుకు రెండు గంటలు వాళ్ళకు ఆ తేడా కంటే విలువైనవి. ఇలాంటిది మీ బడిలోనూ ఏదో ఒకటి ఉంటుంది. సెక్షన్‌కు పిల్లలు తక్కువ కావచ్చు, సొంత పిల్లలకు ఫీజు రాయితీ కావచ్చు, బస్సు టీచర్ల ఇంటి ముందే ఆగడం కావచ్చు.

జీతం దగ్గరే ఇంకో మూడు విషయాలున్నాయి. ఇవి బయటి రాష్ట్రాల నుంచి దించుకున్న నమూనా ప్రకటనల్లో కనిపించవు. మన ప్రాంతంలో మాత్రం ప్రతి టీచరూ మనసులో అడుగుతారు, పైకి అడగడానికి మొహమాటపడతారు.

వేసవి జీతం ఇస్తారా? ఏప్రిల్ 23న బళ్ళు మూసి జూన్ 12న తెరవడం మన రాష్ట్రంలో మామూలు లెక్క. ఆ మధ్య జీతం ఎగ్గొట్టే బళ్ళున్నాయి, జూన్‌లో వచ్చి చేరాకే ఇస్తాం అనేవీ ఉన్నాయి. "12 నెలలూ జీతం, మే నెలది మేలోనే" అని ఒక్క ముక్క రాయండి. (మీ ఇద్దరు టీచర్లు జూన్ జీతం తీసుకుని మానేశారన్నారు కదా. వాళ్ళు ఎక్కడో వేసవి జీతం గొడవలో ఇరుక్కుని, తాత్కాలికంగా మీ దగ్గర చేరి ఉండొచ్చు. ఒకసారి ఫోన్ చేసి అడిగితే చెబుతారు, అడగడంలో తప్పులేదు.)

ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుంటారా? ఏడాది మధ్యలో మానకుండా సర్టిఫికెట్లు బీరువాలో దాచే అలవాటు ఇంకా పోలేదు. దాని వల్ల నష్టం రెండువైపులా ఉంది. డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) రాసేవాళ్ళు, వెరిఫికేషన్‌కు ఎప్పుడు పిలుస్తారో తెలియనివాళ్ళు అలాంటి బడి గడప తొక్కరు. "ఒరిజినల్స్ చూసి అప్పుడే తిరిగి ఇచ్చేస్తాం" అని రాసిన ప్రకటనకు వచ్చే స్పందన వేరు. మధ్యలో మానేస్తారన్న భయానికి నోటీసు పీరియడ్ పెట్టుకోండి, అది నియామక పత్రంలో రాయండి.

అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిప్పుతారా? ఎండాకాలంలో కరపత్రాలు పట్టుకుని అపార్ట్‌మెంట్లు ఎక్కి దిగడం, తలకు ఇన్ని అడ్మిషన్లు తేవాలని టార్గెట్లు. మంచి టీచర్లు ఉద్యోగాలు మారడానికి జీతం కంటే పెద్ద కారణం ఇదే అని నా అభిప్రాయం. మీ బడిలో ఇది లేకపోతే తప్పకుండా రాయండి. ఉంటే, అది కూడా రాయండి. రాయడానికి సిగ్గనిపిస్తే ఆ పద్ధతి గురించే ఒకసారి ఆలోచించాలి.

పీఎఫ్ సంగతి: 20 మంది, అంతకుమించి పని చేసే సంస్థకు అది చట్టప్రకారం ఇవ్వాల్సిందే. అదేదో ప్రత్యేక సౌకర్యంలా డప్పు కొట్టక్కర్లేదు, "పీఎఫ్ ఉంది" అంటే చాలు. రాసిన జీతం పీఎఫ్ కోతకు ముందా, తర్వాతా అన్నది మాత్రం స్పష్టంగా ఉండాలి. చేతికొచ్చేది వేరే అని మొదటి జీతం రోజు తెలిస్తే ఆ రోజే ఇంకో బడి వెతుక్కోవడం మొదలవుతుంది.

ఇక పోస్టు వివరం. "సైన్స్ టీచర్ కావలెను" అంటే మన దగ్గర అర్థం కాదు. రాష్ట్ర సిలబస్‌లో ఫిజికల్ సైన్స్, బయలాజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్లు వేరు. బైపీసీ చదివి జువాలజీతో డిగ్రీ చేసిన మనిషి వచ్చాక "ఎనిమిది దాకా సైన్స్ మొత్తం మీరే, ఫిజిక్స్ కూడా" అంటే డెమో అక్కడే తడబడుతుంది. "6 నుంచి 8 వరకు సైన్స్ మొత్తం, ఫిజిక్స్, కెమిస్ట్రీ పాఠాలతో సహా" అని రాస్తే ధైర్యం ఉన్నవాళ్ళే వస్తారు. పీరియడ్లు కూడా అంతే. విద్యా హక్కు చట్టం షెడ్యూల్‌లో టీచరుకు వారానికి 45 గంటలు అని ఉంది, అదీ పాఠం సిద్ధం చేసుకునే సమయంతో కలిపి. రోజుకు ఎనిమిది పీరియడ్లకు ఎనిమిదీ చెప్పించే బడిలో ఆ సిద్ధం చేసుకునే సమయం ఎక్కడుంటుంది? వారానికి ఎన్ని పీరియడ్లో అంకె వేయండి. మామూలుగా ఎవరూ రాయరు కాబట్టి మీది వెంటనే కంటికి ఆనుతుంది.

అర్హతల దగ్గర జాగ్రత్త అవసరం. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2010 ఆగస్టు 23న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఒకటి నుంచి ఎనిమిది వరకు చెప్పే టీచర్లకు టెట్ (టీచర్ అర్హత పరీక్ష) ఉండాలి. ప్రైవేటు బళ్ళకూ ఇది వర్తిస్తుంది. మన రాష్ట్ర టెట్‌లో ప్రైమరీకి పేపర్ 1ఏ, ఆరు నుంచి ఎనిమిదికి పేపర్ 2ఏ. కేంద్రం పెట్టే సీటెట్ అయితే పేపర్ 1, పేపర్ 2. టెట్ సర్టిఫికెట్‌కు ఇప్పుడు జీవితకాలం చెల్లుబాటు ఉంది, ఏడేళ్ళ గడువు 2021లోనే తీసేశారు. కాబట్టి "ఈమధ్య పాసైనవారు" లాంటి షరతులు పెట్టకండి. ఇక ప్రైమరీ టీచరు ప్రకటనలో "బీఈడీ" అని రాయడం ఇంకా చాలామంది చేస్తున్నారు. ఒకటి నుంచి ఐదు వరకు బీఈడీ అర్హత కాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తేల్చింది. డీఈడీ, అంటే ఇప్పటికీ అందరూ టీటీసీ అని పిలిచేదే, అక్కడ అడగాల్సింది. అఫిలియేషన్ తనిఖీకి వచ్చినప్పుడు చూసేది మీ ప్రకటనను కాదు, స్టాఫ్ అర్హతల జాబితాను. ప్రకటన తప్పుగా రాస్తే ఆ జాబితా తప్పుతుంది.

తప్పనిసరి అర్హతలు మూడు నాలుగుకు మించి రాయకండి. మిగిలినవి "ఉంటే మంచిది" కింద పెట్టండి. ఆడవాళ్ళు జాబితాలో ఒక్కటి తక్కువైనా అప్లై చేయకుండా ఊరుకోవడం నేను చాలాసార్లు చూశాను. స్మార్ట్ బోర్డు వాడటం వారంలో నేర్పించొచ్చు, దాన్ని తప్పనిసరిలో పెట్టి మంచి మ్యాథ్స్ టీచరును పోగొట్టుకోవడం ఎందుకు?

మీ హిందీ పోస్టుకు ఒక మాట. మన జిల్లాల్లో హిందీ టీచర్లు తక్కువగా దొరుకుతారు, ఉన్నవాళ్ళలో చాలామంది దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు రాసి, హిందీ పండిట్ ట్రైనింగ్ చేసినవాళ్ళు. "ఎంఏ హిందీ" అని మాత్రమే రాస్తే వాళ్ళు తమకు కాదనుకుంటారు. ఏయే అర్హతలు ఒప్పుకుంటారో పేరుపేరునా రాయండి. ఫుల్‌టైమ్ అవసరం లేకపోతే వారానికి మూడు రోజులని రాసినా నష్టం లేదు, ఇంకో బడితో పంచుకునేవాళ్ళు దొరుకుతారు.

చోటు గురించి. విజయవాడ అంటే అడ్రస్ కాదు. భవానీపురంలో ఉండే మనిషి పెనమలూరు రావాలంటే ఊరు మొత్తం దాటాలి, ఉదయం ఎనిమిదిన్నరకు బెంజ్ సర్కిల్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. గుంటూరులోనూ అంతే, నల్లపాడు వైపు నుంచి గోరంట్ల రావడం వేరు, లక్ష్మీపురం నుంచి రావడం వేరు. అమరావతి రోడ్డులో ఏ గుర్తు దగ్గరో రాయండి, మీ బస్సు ఏయే స్టాపుల్లో టీచర్లను ఎక్కించుకుంటుందో రాయండి. తెనాలి, మంగళగిరి నుంచి రైళ్ళలో, ఆర్టీసీ బస్సుల్లో వచ్చే టీచర్లు చాలామంది ఉన్నారు. బెల్లు 8:15కా, 8:45కా అన్న అరగంట తేడాతో వాళ్ళ రైలు అందుతుందో లేదో తేలిపోతుంది. "లోకల్ వాళ్ళు మాత్రమే" అని రాసి వాళ్ళను పోగొట్టుకోకండి. టైము రాయండి, రాగలరో లేదో వాళ్ళే లెక్క వేసుకుంటారు.

ఇవన్నీ కలిపి మీ మ్యాథ్స్ పోస్టుకు ఇలా రాస్తాను. అంకెలు నేను ఊరికే వేసినవి, మీవి పెట్టుకోండి.

గణితం టీచరు, 6, 7, 8 తరగతులు. ఒక పోస్టు.
బడి పేరు, అమరావతి రోడ్డు, గోరంట్ల, గుంటూరు. సీబీఎస్ఈ సిలబస్, 8వ తరగతి వరకు.
వారానికి 30 పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు. సెక్షన్‌లో 32 మందికి మించరు. ఒక తరగతికి క్లాస్ టీచర్ బాధ్యత ఉంటుంది.
ఉదయం 8:30 నుంచి సాయంత్రం 4:10 వరకు. రెండో శనివారం సెలవు. స్టడీ అవర్స్ లేవు.
జీతం అనుభవాన్ని బట్టి నెలకు రూ. 24,000 నుంచి రూ. 29,000, పీఎఫ్ కోతకు ముందు. 12 నెలలూ, బ్యాంకు ఖాతాలోకి.
అర్హత: గణితంతో డిగ్రీ, బీఈడీ, టెట్ 2ఏ లేదా సీటెట్ పేపర్ 2. పాఠం ఇంగ్లిష్‌లో చెప్పగలగాలి. పిల్లలకు అర్థం కానిచోట తెలుగులో వివరించడం మాకు ఇబ్బంది కాదు.
సొంత పిల్లలకు ట్యూషన్ ఫీజులో సగం రాయితీ. లాడ్జి సెంటర్, బ్రాడీపేట, లక్ష్మీపురం మీదుగా బడి బస్సులో ఉచితంగా రావచ్చు.
ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర ఉంచుకోం. టీచర్లకు అడ్మిషన్ టార్గెట్లు లేవు.
ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయింది: ఇప్పటి టీచరుకు డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది.
ఎంపిక: ముందు ఫోన్లో మాట్లాడతాం, తర్వాత 20 నిమిషాల డెమో, టాపిక్ ముందే చెబుతాం. మూడు రోజుల్లో అవునో కాదో ఫోన్ చేసి చెబుతాం. చేరేముందు పోలీస్ వెరిఫికేషన్ ఉంటుంది.
ఫోన్ సాయంత్రం 4:30 నుంచి 7 వరకు. చివరి తేదీ, చేరాల్సిన తేదీ.

ఖాళీ ఎందుకు వచ్చిందో రాయడం చాలామందికి వింతగా ఉంటుంది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డాయి, నియామకాలు ఏడాది మధ్యలో జరిగాయి. అప్పుడు ప్రైవేటు బళ్ళలో ఉన్నట్టుండి చాలా ఖాళీలు వచ్చాయి. అక్టోబరులో "అర్జంట్‌గా టీచరు కావలెను" అంటే జనం మీ బడిలో ఏదో గొడవ అనుకుంటారు. కారణం రాస్తే ఆ అనుమానం పోతుంది. పైగా ఇక్కడ పని చేస్తూ డీఎస్సీకి చదువుకోవచ్చన్న సంగతి కూడా అర్థమవుతుంది. "డీఎస్సీ రాసేవారు అనర్హులు" అని రాసేవాళ్ళనూ చూశాను. బాగా చదివి, సబ్జెక్టు చేతిలో ఉన్న యువ టీచర్లందరినీ ఒక్క వాక్యంతో బయటికి పంపడం అది.

పోలీస్ వెరిఫికేషన్ వాక్యం తీసేయకండి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కింద 2020లో వచ్చిన నియమాల ప్రకారం పిల్లలతో పని చేసే సంస్థలు టీచర్లకే కాదు, ఆయా, డ్రైవర్, కాంట్రాక్టు మీద వచ్చే మనిషి, అందరికీ అది చేయించాలి. ప్రకటనలోనే రాస్తే, రాకూడనివాళ్ళలో కొందరైనా అక్కడే ఆగిపోతారు.

కొట్టేయాల్సిన మాటలు: "లేడీ టీచర్లు మాత్రమే", "35 ఏళ్ళ లోపు", "పెళ్ళికానివారికి ప్రాధాన్యం", రిసెప్షన్ ఉద్యోగానికి "చూడచక్కని". నియామకంలో ఆడా మగా తేడా చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టం నుంచీ ఉంది, ఇప్పుడది వేతనాల కోడ్‌లో ఉంది. చట్టం సంగతి పక్కనపెట్టినా, ఇవి చదివినవాళ్ళకు బడి మీద గౌరవం పోతుంది. ఫొటో, ఆధార్ కాపీ వాట్సాప్‌లో పంపమనడం కూడా మానండి. ముక్కూమొహం తెలియని నంబరుకు ఫొటో పంపడానికి ఏ ఆడపిల్లైనా వెనకాడుతుంది.

ఆయాలు, డ్రైవర్ల ప్రకటన తీరే వేరు. అది తెలుగులో, పెద్ద అక్షరాల్లో, బడి గేటు మీద, చుట్టుపక్కల కిరాణా కొట్ల దగ్గర ఉండాలి. ఆయా పని అంటే ఏమిటో మొహమాటం లేకుండా రాయండి. నర్సరీ పిల్లలను బాత్రూంకి తీసుకెళ్ళడం, కడగడం, బస్సులో వెంట వెళ్ళడం ఉంటే ఉన్నాయనే చెప్పాలి. చేరాక చెబితే నాలుగోరోజుకు రారు. డ్రైవర్‌కు భారీ వాహనాలు నడిపిన ఐదేళ్ళ అనుభవం ఉండాలని 1997లో సుప్రీంకోర్టు బడి బస్సుల గురించి చెప్పింది, అది కచ్చితంగా రాయాల్సిన అర్హత. ఉదయం ట్రిప్పుకు, సాయంత్రం ట్రిప్పుకు మధ్య ఏం పని ఉంటుందో కూడా చెప్పండి. ఆ మధ్యాహ్నం ఖాళీలో వేరే డ్యూటీ చేసుకోవచ్చా అనేదే వాళ్ళ మొదటి ప్రశ్న.

ఎక్కడ వేయాలి అంటే, పేపర్ క్లాసిఫైడ్ మానక్కర్లేదు, కానీ అందులో అంతా రాయబోతే ఖర్చు పెరుగుతుంది. పోస్టు, చోటు, జీతం పరిధి, నంబరు, "పూర్తి వివరాలకు వాట్సాప్ చేయండి". అంతే. పూర్తి ప్రకటన వాట్సాప్‌లో వెళ్ళాలి. బొమ్మగా చేసి పెట్టకండి, అక్షరాల్లోనే పంపండి. ఫార్వర్డ్ చేసేటప్పుడు చదవడానికి వీలుగా ఉంటుంది, తర్వాత వెతికినా దొరుకుతుంది. చివరి తేదీ లేకపోతే అది రెండేళ్ళు తిరుగుతూనే ఉంటుంది. ప్రైమరీ పోస్టుకు బోయపాలెం డైట్ (ప్రభుత్వ టీచర్ శిక్షణ సంస్థ), విజయవాడ వైపైతే అంగలూరు డైట్ నోటీసు బోర్డులు, సబ్జెక్టు పోస్టులకు నాగార్జున యూనివర్సిటీ పరిధిలోని బీఈడీ కాలేజీలు బాగా పని చేస్తాయి. అన్నిటికంటే ముందు మీ స్టాఫ్‌రూమ్‌లో అతికించండి. మీ టీచర్ల స్నేహితులు మీ బడి మంచీచెడూ తెలిసే వస్తారు, వాళ్ళు త్వరగా మానరు.

మీరు మార్చిలో వేశారు. ఫిబ్రవరి అయితే ఇంకా బాగుండేది. చేరాల్సిన తేదీ మాత్రం జూన్‌లో పెట్టండి. ఏప్రిల్‌లోనే వచ్చి చేరమంటే పాత బడిలో వేసవి జీతం పోతుందని మంచివాళ్ళు వెనక్కి తగ్గుతారు.

చివరిగా ఫోన్. ప్రకటన ఎంత బాగా రాసినా, ఎత్తిన మనిషి "జీతం సంగతి వచ్చాక మాట్లాడదాం మేడమ్, ముందు రెజ్యూమె పట్టుకుని రండి" అంటే అంతా వృథా. చాలా బళ్ళలో ఆ నంబరు రిసెప్షన్‌ది, ఫీజుల కోసం వచ్చినవాళ్ళతో మాట్లాడుతూ ఎత్తుతారు. ఫోన్ దగ్గర ప్రకటన కాగితం ఉండాలి. ఎత్తే మనిషికి పీరియడ్లు, బస్సు స్టాపులు తెలిసి ఉండాలి. టీచర్లు వాళ్ళ బడి టైములో మాట్లాడలేరు కాబట్టి సాయంత్రాలు ఎవరో ఒకరు అందుబాటులో ఉండాలి, అది ప్రిన్సిపాలే అయితే మరీ మంచిది. డెమోకి వచ్చి ఎంపిక కానివాళ్ళకు కూడా చెప్పిన రోజుకు ఫోన్ చేయండి. నేను చూసే బళ్ళలో ఏడాది మధ్యలో ఖాళీ వస్తే మొదట తీసేది ఆ జాబితానే. మొన్న మీరు మర్యాదగా కాదని చెప్పినవాళ్ళు ఈసారి పిలిస్తే వస్తారు, మీరు అసలు ఫోనే చేయకుండా వదిలేసినవాళ్ళు మాత్రం మీ నంబరు చూసి ఎత్తరు.